ఏడుగురికీ ఒకే రోజు వైరాగ్యం

ఒక సంస్థలో ఏడుగురు ఒకే సోమవారం పొద్దున, పావుగంట తేడాలో రాజీనామా చేస్తారు. ఏడు లేఖల్లోనూ కారణం 'వ్యక్తిగతం'. ఏడింట్లోనూ 'కృతజ్ఞతలు' అన్న మాటకు ఒకే అక్షరదోషం. నోటీసు గడువు తీరగానే ఏడుగురూ పోటీ సంస్థలో, అదే టీమ్ లీడర్ కింద, దాదాపు అదే వరసలో కూర్చుంటారు. దీన్ని కుట్ర అనడానికి నాకు నోరు రాదు. సామూహిక వైరాగ్యం అంటాను.

లాయర్లకు వైరాగ్యం మీద నమ్మకం తక్కువ. ఉద్యోగం మానడం ఎవరి హక్కు వారిది, కానీ ఇక్కడ జీతం తీసుకుంటూనే పక్క సీట్ల వాళ్లను అక్కడికి పోగుచేస్తే నమ్మకద్రోహం అంటారు వాళ్లు. పై హోదాలో ఉన్నవాడికి ఇంకో చిక్కు. తన టీమును ఎవరో ఎగరేసుకుపోతున్నారని తెలిస్తే యాజమాన్యానికి చెప్పాల్సిన బాధ్యత ఇంగ్లండ్ లాంటి చోట్ల అతని మీద పడవచ్చు. ఎగరేసుకుపోతున్నది తనే అయినప్పుడు, తన మీద తనే ఫిర్యాదు రాసుకోవాలన్నమాట.

ఇలాంటి టీములకు నా సలహా ఒక్కటే: అన్నీ రాతపూర్వకంగా ఉంచండి. వాట్సాప్ గ్రూపు పెట్టి 'ఆదివారం క్రికెట్' అని పేరు పెడితే ఎవరికీ అనుమానం రాదు. ఎవరెవరు వస్తున్నారు, ఎవరికెంత ప్యాకేజీ, ఎవరు ఏ రోజు పేపర్లు పెట్టాలి, అన్నీ అందులోనే తేల్చుకోండి. క్లయింట్ల జాబితాను ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి సొంత మెయిల్‌కి రాత్రి పదకొండున్నరకు పంపుకోండి. పగలు పంపితే పని మీద పంపారనుకునే ప్రమాదం ఉంది. తర్వాత భయమేసి అంతా డిలీట్ కొట్టండి. ఏ పెన్‌డ్రైవ్ ఎప్పుడు గుచ్చారో, ఏ ఫైలు ఎప్పుడు తుడిచారో తవ్వి తీసి బతికే నిపుణులున్నారు, వాళ్ల పొట్ట కొట్టకూడదు. మెసేజీ దొరికితే మీ లాయరు దానికేదో అర్థం చెప్పుకోగలడు. చెరిపేసిన జాడ దొరికితే ఆయనా గొంతు సవరించుకుని కూర్చుంటాడు.

కొత్త సంస్థ భరోసా ఇస్తుంది: "కేసు పడితే ఖర్చులు మావే." ఆ మాట మెయిల్‌లో పెడితే మరీ మంచిది. కేసు పడుతుందని వాళ్లకు ముందే తెలుసు అనడానికి వేరే సాక్షి అక్కర్లేదు. టుల్లెట్ ప్రెబాన్ అనే బ్రోకరేజీ సంస్థ మనుషుల్ని దాని పోటీ సంస్థ బీజీసీ గంపగుత్తగా తెచ్చుకోబోతే, 2010లో లండన్ హైకోర్టు అది చట్టవిరుద్ధమైన కుట్ర అని తేల్చింది.

మన దేశంలో అంత టెన్షన్ లేదంటారు కొందరు. నిజమే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం సాధారణంగా చెల్లదు. ఒప్పందం గడువు తీరాక కూడా కట్టిపడేసే షరతు చెల్లదని 2006లో సుప్రీంకోర్టు క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో మళ్లీ చెప్పింది. అయితే ఆ సెక్షన్ అండగా నిలిచేది గడప దాటాక చేసే పనికి. మన ఆదివారం క్రికెట్ మొత్తం గడప లోపలే ఆడేశాం కదా. క్లయింట్ల జాబితా సంగతి సరేసరి.

ఇక పాత యజమాని. పాపం ఆయన మూడేళ్ల కిందట ఈ టీమును ఇంకో సంస్థ నుంచి ఇలాగే తెచ్చుకున్నాడు. అప్పుడు దాన్ని 'ప్రతిభకు పట్టం' అన్నాడు. మొన్న ఇంక్రిమెంట్ అడిగితే, "ఎవరు లేకపోయినా ఇక్కడ పని ఆగదు" అన్నాడు. ఇప్పుడు వాళ్లను ఆపమని కోర్టుకెళ్లాడు. కోర్టు ఆపాలంటే డబ్బుతో పూడని నష్టం జరుగుతోందని చూపించాలి. అందుకని ఈ ఏడుగురి నైపుణ్యం అసాధారణమనీ, వాళ్లు లేకపోతే సంస్థ కోలుకోలేదనీ పేజీల కొద్దీ అఫిడవిట్ వేశాడు.

దాని ప్రతులు ఏడుగురికీ అందాయి. ఇంత మంచి అప్రైజల్ వాళ్లకు ఆ సంస్థలో ఉన్నంతకాలం రాలేదట.