బ్రైస్ యంగ్ లెక్క వేరు, ఫిటరర్ లెక్క వేరు

షార్లెట్‌లో మనవాళ్ళు నలుగురు కలిస్తే బ్యాంకు ప్రాజెక్టులు, వీసా సంగతులు అయ్యాక మాట మన ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పాంథర్స్ మీదకి మళ్ళుతుంది. మళ్ళిందంటే తీర్పు ఒక్కటే: "యంగ్ బదులు స్ట్రౌడ్‌ని తీసుకుని ఉంటేనా!" ఇద్దరూ 2023లో కాలేజీ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌లు, అంటే బంతి విసిరి ఆట నడిపేవాళ్ళు. మనవాళ్ళు యంగ్‌ని తీసుకున్నారు, స్ట్రౌడ్ హ్యూస్టన్‌కి వెళ్ళాడు. పక్కింటి అబ్బాయి ర్యాంకు చూపించి మన పిల్లాణ్ని తిట్టే అలవాటు సముద్రాలు దాటినా పోలేదు.

కాలేజీ కుర్రాళ్ళని జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్టులో, 2023లో మొదటి ఎంపిక కోసం అప్పటి జనరల్ మేనేజర్ స్కాట్ ఫిటరర్ షికాగోకి చాలానే ఇచ్చాడు. ఆ ఏడాది 9వ, 61వ ఎంపికలు, 2024 మొదటి రౌండు, 2025 రెండో రౌండు, పైగా జట్టులో అందరికన్నా మంచి రిసీవర్ డీజే మూర్. నాకు మింగుడుపడనిది ఆ చివరిదే. కుర్రాడు బంతి విసరాల్సిన మనిషినే కుర్రాడి ధర కింద ఇచ్చేస్తే అతను ఎవరికి విసరాలి? ఆ లోటు పూడ్చడానికి వచ్చిన ఆడమ్ థీలెన్ కష్టపడ్డాడు గానీ, అప్పటికే అతనికి 33 ఏళ్ళు. ముందు కాపు కాయాల్సిన గార్డులేమో గాయాలతో ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. 22 ఏళ్ళ యంగ్ ఆ సీజన్లో 62 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసరకముందే ప్రత్యర్థులు పడగొట్టేశారు. జట్టు గెలిచింది రెండే. కోచ్ ఫ్రాంక్ రైక్‌ని 11 మ్యాచ్‌లకే పంపేశారు, జనవరిలో ఫిటరర్‌ని కూడా. డ్రాఫ్టులో ఎక్కువ ఓడినవాళ్ళకే ముందు వంతు కాబట్టి, మనం అంత ఘోరంగా ఓడినందుకు షికాగోకి ఇచ్చిన 2024 ఎంపిక మళ్ళీ నంబర్ వన్ అయి కూర్చుంది. దాంతో వాళ్ళు క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌ని తీసుకున్నారు.

స్ట్రౌడ్ హ్యూస్టన్‌లో మొదటి ఏడాదే 4,108 గజాలు విసిరాడు, రూకీ అవార్డు కొట్టాడు, కాదనను. కానీ రెండో ఏడాది అక్కడ ముందు కాపు కాసే లైన్ దెబ్బతింటే అతనూ 52 సార్లు శాక్ అయ్యాడు, ఇంటర్సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసిన త్రోలు) 5 నుంచి 12కి పెరిగాయి. అతన్ని 2023లో ఇక్కడ నిలబెట్టి ఉంటే మనం ఇవాళ అతన్నే తిట్టేవాళ్ళమని నా అనుమానం.

ఊరికే అనడం లేదు. ఫిటరర్ క్వార్టర్‌బ్యాక్‌గా 2021లో శామ్ డార్నాల్డ్‌ని తెచ్చాడు, 2022లో బేకర్ మేఫీల్డ్‌ని తెచ్చాడు. ఇద్దరూ ఇక్కడ పనికిరానివాళ్ళనే అనిపించుకున్నారు. తర్వాత మేఫీల్డ్ టాంపాకి వెళ్ళి మన డివిజన్‌నే గెలిచాడు. డార్నాల్డ్ 2024లో మిన్నెసోటాతో 14 మ్యాచ్‌లు గెలిచాడు. కాబట్టి యంగ్‌ని ఎంచుకోవడం ఫిటరర్ చేసిన పెద్ద తప్పని నేననుకోను. క్వార్టర్‌బ్యాక్ వస్తే అన్నీ సర్దుకుంటాయనుకుని, వచ్చిన ప్రతివాడినీ ఖాళీ ఇంట్లో దింపాడు. అదీ అతని తప్పు. యజమాని డేవిడ్ టెపర్ తొందర కూడా ఇందులో తక్కువేం కాదు లెండి. జాక్సన్‌విల్‌లో అభిమానుల మీదకి డ్రింక్ విసిరి 3 లక్షల డాలర్లు జరిమానా కట్టిన పెద్దమనిషి. ఆ సీజన్లో మన జట్టు తరఫున జనానికి గుర్తున్న త్రో అదే.

ఫిటరర్ తర్వాత జనరల్ మేనేజర్‌గా వచ్చిన డాన్ మోర్గాన్‌నీ ఇలాగే చూడాలి. గార్డు రాబర్ట్ హంట్‌కి అయిదేళ్ళకి 10 కోట్ల డాలర్లంటే అందరూ నవ్వారు, నేను మాత్రం సరైన పనే అన్నాను. అదే 2024లో రెండంటే రెండు మ్యాచ్‌లకే యంగ్‌ని బెంచీ మీద కూర్చోబెట్టారు. అతని బదులు ఆడిన ఆండీ డాల్టన్‌కి కారు ప్రమాదంలో బొటనవేలికి దెబ్బ తగలబట్టి గానీ కుర్రాడికి మళ్ళీ చాన్స్ రాలేదు. వచ్చాక సీజన్ చివరి మ్యాచ్‌లో, అట్లాంటాలో, మూడు టచ్‌డౌన్లు విసిరి రెండు తనే పరుగెత్తి ఓవర్‌టైమ్‌లో 44-38తో గెలిపించాడు. హంట్ విషయంలో మోర్గాన్‌కి మార్కులు వేస్తాను. బెంచీ విషయంలో మాత్రం, పైనుంచి ఎవరు చెప్పినా సరే, ఆ పద్దు మోర్గాన్ ఖాతాలోనే రాస్తాను.