బానెట్ కింద కాపురముంటున్న లొడలొడ గారికి

శ్రీయుత లొడలొడ గారికి నమస్కారాలు.

మీరు చప్పుడై మా కారులో అడుగుపెట్టినప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్లో ఇంజనీర్లు పెరిగిపోయారు. వాచ్‌మన్ ‘బేరింగ్ పోయింది సార్’ అన్నాడు. మూడో అంతస్తు బాబాయిగారు బాల్కనీ దిగకుండానే ‘ఇంజన్ బోరు అరిగింది, వచ్చినకాడికి అమ్మెయ్’ అని తేల్చేశారు. ‘సౌండ్ రికార్డు చేసి పంపు బావా’ అన్నాడు మా బావమరిది. పంపాను. ‘మీది డీజిల్ బండా?’ అని అడిగాడు. ఈ పెట్రోలు బండి కొన్ననాడు స్వీట్లు తిన్నది వాడే! ఇక షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తకముందే ‘ఇంజన్ దించాలి’ అన్నాడు. జబ్బేమిటో చెప్పలేదుగానీ అడ్వాన్సు ఎంతో చెప్పాడు.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూడమని ఇంతమందిలో ఒక్కరూ అనలేదు. దానికి పైసా ఖర్చు లేదు మరి.

మీరు ఏ వేళలో మోగుతారనీ ఎవరూ అడగలేదు. మీ జాతకమంతా అందులోనే ఉందని మీకూ తెలుసు. పొద్దున్నే తొలి స్టార్టింగ్‌లో రెండు మూడు సెకన్లు గలగలమని ఊరుకుంటే మీది టైమింగ్ చైన్ వంశమని అనుమానించాలి. ఇంజన్ తిరుగుడును వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్‌కు అందించే గొలుసు అది. రాత్రంతా నిలబెట్టిన బండిలో ఆయిల్ కిందికి జారిపోతుంది. చైన్‌ని బిగించి పట్టే టెన్షనర్ చాలా బండ్లలో ఆయిల్ ప్రెషర్ మీదే ఆధారపడుతుంది. ఆ ప్రెషర్ ఎక్కేదాకా చైన్ వదులుగా ఊగి పక్కనున్న గైడ్లకు కొట్టుకుంటుంది. నేను స్నానం చేసి, టిఫిను తిని, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ షెడ్డుకు చేరేసరికి ఇంజన్ వేడెక్కి మీరు మౌనవ్రతంలో ఉంటారు. మెకానిక్ బండిని వదిలేసి నన్ను పరీక్షగా చూస్తాడు.

మీ బంధువర్గం చిన్నదేం కాదు. కామ్‌షాఫ్ట్‌కూ వాల్వుకూ మధ్య ఉండి టిక్‌టిక్‌మనే ట్యాపెట్ వారు లెక్క తప్పని మనుషులు. కామ్‌షాఫ్ట్ ఇంజన్ వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి ఐడ్లింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే, వదులైన ట్యాపెట్ 400 సార్లు తడుతుంది. చెవి పదునున్న మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ పైభాగమైన హెడ్డు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని ఆ సగం లయను పట్టేస్తాడు. విజయవాడ ఆటోనగర్లో అలా వినేవాళ్లను చూశాను. ఏసీ ఆపగానే మీరూ ఆగిపోతే కంప్రెసర్ వైపు చూడాలి. తిరుమల ఘాట్‌లో గేరు తగ్గించడానికి బద్ధకించి ముక్కుతూ ఎక్కేవాళ్లకు వినిపించే చిటపట వేరు. సిలిండర్లో స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట చేరకముందే మిగిలిన పెట్రోలు, గాలి మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. చాలాసార్లు ఒక గేరు తగ్గిస్తే ఆ గొడవ సద్దుమణుగుతుంది.

మిమ్మల్ని పట్టుకోవడానికి ఒక ఏసీ సర్వీస్ సెంటర్‌కీ వెళ్లాను. కాఫీ ఇచ్చారు, స్కానర్ పెట్టారు, ‘ఎర్రర్ కోడ్ లేదు సార్, బండి పర్ఫెక్ట్’ అన్నారు. మీరు పక్కనే లొడలొడమంటున్నారు! ఇంజన్ బ్లాక్ మీద నాక్ సెన్సర్ అనే చెవి ఒకటుంది నిజమే. దానికి నేర్పింది ఆ ఘాట్‌రోడ్డు చిటపట వినడం ఒక్కటే. వినగానే స్పార్క్ పడే సమయాన్ని, అంటే ఇగ్నిషన్ టైమింగ్‌ని, కాస్త ఆలస్యం చేయిస్తుంది. వదులైన రేకు గురించి మీరెంత మొత్తుకున్నా అది తన సెక్షన్ కాదు. కోడ్ లేని సౌండుకు బిల్లు ఏ పేరు మీద వేయాలో తెలియక, ఇంజన్ ఫ్లషింగ్ అని రాశారు.

రేకు అన్నాను కదా, అక్కడికే వస్తున్నాను. ఎగ్జాస్ట్ గొట్టానికి, పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌కు పైన వేడి బయటికి కొట్టకుండా కప్పే పల్చని హీట్ షీల్డు ఒకటుంటుంది. బోల్టులు తుప్పు పట్టి ఊడితే, ఇంజన్ ఒకానొక స్పీడుకు రాగానే అది వీధంతా తిరిగి చూసేలా మోగుతుంది. ఖాళీ విస్తరాకు ఎగిరెగిరి పడ్డట్టే. ఇంజన్ పూర్తిగా చల్లారాక దాన్ని గుప్పిటతో తట్టి చూస్తే చాలు, గుట్టు బయటపడుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో చిల్లర డబ్బులకు దొరికే హోస్ క్లిప్పు బిగిస్తే నోరు మూస్తుంది. ఇంజన్ దించే అడ్వాన్సుల్లో ఎన్ని ఈ రేకు పుణ్యమో!

అసలు భయపడాల్సిన మీ పెదనాన్నగారు ఇంత గోల చేయరు. ఆయన, పిస్టన్‌ను ఇంజన్ ఇరుసుకు (క్రాంక్‌షాఫ్ట్‌కు) కలిపే కనెక్టింగ్ రాడ్ తాలూకు బేరింగ్. లోపలినుంచి దబ్ దబ్‌మని గుద్దుతారు. ఆయిల్ వేడెక్కి పల్చబడేకొద్దీ, రేస్ ఇచ్చేకొద్దీ ఆ గుద్దులు బరువెక్కుతాయి. ఆయన గొంతు గుర్తుపట్టాక ‘ఎలాగోలా ఇంటిదాకా పోదాం’ అన్నవాడికి, రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొచ్చి స్వయంగా దర్శనమిచ్చినా ఇవ్వవచ్చు.

కనుక ఈ రాత్రికి బండిని షెడ్డులోనే వదిలి వస్తున్నాను. తాళంచెవి మెకానిక్ దగ్గరుంటుంది. పొద్దున తను వచ్చి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు దయచేసి సిగ్గుపడకండి. నా ముందు ఎంత గొంతెత్తారో అంతే ఎత్తండి. వచ్చింది పెదనాన్నగారైతే ముందే సెలవియ్యండి, పర్సనల్ లోనుకు అప్లై చేసుకోవాలి.

ఇట్లు,
తమరి ఈఎంఐ కడుతున్నవాడు