కమింగ్‌లో ఇల్లు కొన్నవాళ్లకు 1912 తెలియాలి

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మంచి స్కూళ్లు, కొత్త ఇళ్లు. మన చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఎవరో ఒకరు అక్కడి ముఖ్య పట్టణం కమింగ్‌లో గృహప్రవేశం చేసుకున్న ఫొటోలు చూసే ఉంటాం. 2020 జనగణన నాటికి అక్కడ ఆసియన్లు దాదాపు 18 శాతం. వాళ్లలో మనవాళ్లే ఎక్కువ. నల్లజాతివారు 5 శాతం కూడా లేరు. నల్లజాతివారు పెద్ద సంఖ్యలో ఉన్న అట్లాంటా అంత దగ్గరలో ఉండి కూడా ఎందుకిలా?

1912 సెప్టెంబరులో ఒక తెల్లజాతి యువతిపై దాడి జరిగింది. కొన్నాళ్లకు ఆమె చనిపోయింది. అనుమానంతో పట్టుకున్న రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ని వేలమంది మూక కమింగ్ జైలు బద్దలుకొట్టి లాక్కొచ్చి చంపింది. శవాన్ని ఊరి నడిబొడ్డున టెలిఫోన్ స్తంభానికి వేలాడదీసింది. మరో ఇద్దరు కుర్రాళ్లకు ఒక్కరోజులో విచారణ ముగించి అక్టోబరులో ఉరి వేశారు. అంతటితో ఆగలేదు. రాత్రిపూట గుర్రాలమీద తిరిగే గుంపులు చర్చిలు తగలబెట్టాయి, ఇళ్లమీద కాల్పులు జరిపాయి, ఊరు వదలకపోతే చంపుతామని బెదిరించాయి. కౌంటీలో ఉన్న సుమారు 1,100 మంది నల్లజాతివారు దాదాపు అందరూ వెళ్లిపోయారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ తర్వాత జరిగింది. వాళ్లలో సొంత భూమి ఉన్న రైతులున్నారు. కొందరు వచ్చినకాడికి తెగనమ్ముకున్నారు. అమ్ముకునే వ్యవధి కూడా లేనివాళ్ల పొలాల్ని పక్కరైతులు దున్నుకున్నారు, పన్ను కట్టారు, కొన్నేళ్లకు తమ పేరున రాయించుకున్నారు. ఈ పని చేసినవాళ్లు కత్తి పట్టలేదు, నిప్పు పెట్టలేదు. ఆఫీసుకెళ్లి రసీదు తీసుకున్నారు, అంతే. మూక చేసిన హింస ఒక్క శరదృతువులో ముగిసింది. రసీదు చేసిన హింస ఇప్పటికీ నడుస్తోంది. 1987లో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో అక్కడ ఊరేగింపుగా వెళ్లినవాళ్లమీద రాళ్లు పడ్డాయి. వారం తిరిగేసరికి దాదాపు 20 వేలమంది వచ్చి, నేషనల్ గార్డ్ కాపలాలో నడిచారు. పోయిన భూములకు పరిహారం ఇవ్వాలని అప్పుడే అడిగారు. నేటికీ దక్కలేదు.

‘మేం నిన్నగాక మొన్న వచ్చాం. 1912లో మా ముత్తాతలు గుంటూరు జిల్లాలో పొగాకు నాటుకుంటున్నారు, మాకేం సంబంధం?’ అని అక్కడి మనవాళ్లు అడగొచ్చు. పాత తెల్లజాతి కుటుంబాలదీ ఇలాంటి మాటే: తాతలు చేసినదానికి మేం దోషులమా? కారు. నేరం వారసత్వంగా రాదు. కానీ భూమి వస్తుంది, దాని విలువ వస్తుంది, ఆ విలువ ఎలా పుట్టిందో తెలుసుకునే బాధ్యతా వస్తుంది. పైగా మనం అమెరికా వెళ్లగలిగిన దారి నల్లజాతివారి పోరాటం తెరిచినదే. 1964 పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, అదే ఉద్యమ వేడిలో, యూరప్‌వాళ్లకే పెద్దపీట వేసిన పాత దేశాలవారీ కోటాలు ఎత్తేసి వలస చట్టాన్ని మార్చారు. ఇంత రుణం ఉన్నవాళ్లం మాకేం తెలుసు అనడం తగదు.

అసలు ఈ ‘మాకేం సంబంధం’ మనం విమానం ఎక్కి మోసుకెళ్లినదే. అక్కడిది జాతి, ఇక్కడిది కులం, రెండూ ఒకటి కావు. కానీ ఊరినుంచి తరిమేసే పద్ధతి ఒకటే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి అక్కడే కాలనీ కట్టుకున్నారు, మళ్లీ ఊళ్లో కాపురం పెట్టలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చుండూరులో ఆ హతుల్ని పాతిపెట్టిన రక్తక్షేత్రాన్ని ఎవరు కాపాడుకుంటున్నారు? చనిపోయినవాళ్ల మనుషులే. చంపినవాళ్ల వీధి నుంచి ఒక్క పూలదండ ఎందుకు రాదు?

కమింగ్ మాత్రం ఆలస్యంగానైనా కదిలింది. 2021లో స్థానికులు, మాంట్‌గోమరీకి చెందిన ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ అనే న్యాయహక్కుల సంస్థ కలిసి ఊరి నడిమధ్య ఎడ్వర్డ్స్ హత్య గురించి ఫలకం పెట్టారు. వెళ్లగొట్టబడిన కుటుంబాల వారసుల చదువుకు అక్కడి చర్చిలు స్కాలర్‌షిప్ మొదలుపెట్టాయి. పోయిన భూమికి ఇది సమానం కాదు. అయినా ఆ వారసుల పేర్లు వెతికి, పిలిచి, చదువుకు డబ్బిస్తున్నారు.

అట్లాంటా చుట్టుపక్కల తెలుగు సంఘాలు ఉగాదికీ దీపావళికీ ఎంత ఘనంగా ఖర్చు పెడతాయో అందరికీ తెలుసు. ఈ ఏడాది ఆ బడ్జెట్‌లోంచి కొంత ఆ స్కాలర్‌షిప్‌కు పంపించండి. పిల్లల్ని కమింగ్ నడిబొడ్డుకు తీసుకెళ్లి ఆ ఫలకం చదివించండి. వాళ్లు కచ్చితంగా అడుగుతారు, మన ఊళ్లో ఇలాంటివి జరిగాయా అని. కారంచేడు గురించి చెప్పండి.