రోడ్డు పొమ్మంటుంది, బోర్డు ఆగమంటుంది

నగరపాలక సంస్థ సమావేశంలో ట్రాఫిక్ అంశం బల్ల మీదికి వస్తే చర్చ ఎటు పోతుందో ముందే చెప్పేయొచ్చు. ఒక సభ్యుడు జరిమానాలు పెంచాలంటాడు. ఇంకొకాయన జరిమానాల పేరుతో జనాన్ని పిండేస్తున్నారని బల్ల గుద్దుతాడు. తన వార్డులో స్పీడ్ బ్రేకర్ కోసం మూడేళ్లుగా తిరుగుతున్నానని ఒకరు, తమ వీధిలో ఉన్నవి తీసేయకపోవడంతో నడుములు విరుగుతున్నాయని మరొకరు. గంటన్నర అరుచుకున్నాక అందరికీ నచ్చే తీర్మానం ఒకటి మిగులుతుంది: రోడ్డు వెడల్పు చేద్దాం. చప్పట్లు.

నా పేచీ ఆ చప్పట్లతోనే. అప్పటిదాకా తిట్టుకున్న వేగాన్ని పెంచి పోషించేది ఆ చివరి తీర్మానమే.

14 మీటర్ల వెడల్పుతో, చూపు ఆనినంత మేర తిన్నగా సాగే రోడ్డు మీద 30 అని బోర్డు పెట్టి చూడండి. బోర్డు చట్టంతో మాట్లాడుతుంది. రోడ్డు మాత్రం నేరుగా డ్రైవర్ కాలితో మాట్లాడుతుంది. ఖాళీ కనబడితే కాలు దానంతటదే నొక్కుతుంది, అందులో దుర్మార్గమేమీ లేదు. అమెరికాలో ఇంజినీర్లు దీన్నే సూత్రంగా మార్చేశారు. వాహనాలు సాఫీగా సాగుతున్నప్పుడు వందలో 85 మంది ఏ వేగం దాటకుండా వెళ్తున్నారో చూసి, వేగ పరిమితిని దాని దగ్గరలో పెట్టడం అక్కడ దశాబ్దాల ఆనవాయితీ. రోడ్డు వెడల్పు చేస్తారు, జనం వేగం పెంచుతారు, జనం అంత వేగంగా వెళ్తున్నారు కాబట్టి పరిమితినీ పెంచుతారు. కొలిచే కర్రను కొలవాల్సిన వస్తువు చేతికే ఇచ్చినట్టు.

30కీ 50కీ తేడా ఎంతలే అనుకునేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. ముందు ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడు. చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు వేయడానికి ఎవరికైనా ఒక సెకను పడుతుంది. పొడి రోడ్డు మీద 30తో వెళ్లే కారు 13, 14 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. 50తో వచ్చే కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి కారు ఆగి నిలబడిన చోటికి రెండో కారు వచ్చేసరికి దాని బ్రేకు ఇంకా పడనే లేదు. పిల్లవాడికి తగిలేది పూర్తి 50.

మరి కెమెరాలు? ఉండాలి, ప్రమాదాలు తగ్గిస్తాయి కూడా. కానీ ఒక కెమెరా ఒకే చోట ఏళ్ల తరబడి దండిగా సంపాదిస్తోందంటే తప్పు చేస్తున్నది డ్రైవర్లొక్కరే కాదు, ఆ రోడ్డు కూడా. అక్కడికి ఇంజినీరును పంపాలి. పాలకులు మాత్రం మరో కెమెరా పంపుతారు, ఎందుకంటే రోడ్డును సరిచేస్తే ఆదాయం పోతుంది. షికాగోలో రెడ్ లైట్ కెమెరాల కాంట్రాక్టులో లంచాలు మేసిన మాజీ నగర అధికారికి 2016లో పదేళ్ల జైలు పడింది. ఆ తర్వాత అక్కడ కెమెరా ప్రాణాలు కాపాడుతుందని ఎవరు చెబితే ఎవరు నమ్ముతారు?

రోడ్డును సరిచేయడమంటే ఏమిటో ఒక్క మలుపు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. పెద్ద రోడ్డులోంచి సందులోకి తిరిగే మూల విశాలంగా, గుండ్రంగా ఉంటే కారు బ్రేకు ముట్టుకోకుండానే తిరిగేస్తుంది. అదే మూలను కాస్త ముందుకు జరిపి, కోణం బిగించి, ఫుట్‌పాత్ అంచు కట్టండి. డ్రైవర్ వేగం తగ్గించాల్సిందే, లేకపోతే చక్రం అంచు ఎక్కుతుంది. పైగా దాటేవాళ్ల దూరం రెండు మూడు మీటర్లు తగ్గుతుంది. కొన్ని బస్తాల సిమెంటు, నాలుగు రోజుల పని. రాత్రి పన్నెండింటికి, వానలో, పోలీసు లేని వేళ కూడా ఆ మూల తన డ్యూటీ తాను చేస్తూనే ఉంటుంది. అయినా చేయరు. మూల దగ్గర రెండు కార్ల పార్కింగ్ పోతుంది, ఆ రెండు కార్ల యజమానులకు సభ్యుడి ఫోన్ నంబరు తెలుసు. పైగా మూల బిగించినందుకు ఎవరూ రిబ్బన్ కత్తిరించరు.

వేగం తగ్గించొద్దనే ఎదుటివాళ్ల వాదనలో బలం లేదనను. రోజంతా బండి మీదే బతికేవాళ్లకు నిమిషమంటే కూలి. అంబులెన్సుకు అడ్డమొచ్చే స్పీడ్ బ్రేకర్ దిబ్బలు ఎవరికీ అక్కర్లేదు. అందుకే చాలా నగరాలు మధ్యలో సందులు వదిలిన చిన్న దిబ్బలు వేస్తాయి, వెడల్పు ఇరుసున్న ఫైరింజన్ చక్రాలు వాటికి తగలకుండా పోతాయి. పనితనంతో తీరే సమస్య ఇది, వీధిలో వేగం తగ్గించే ఆలోచననే అటకెక్కించడానికి సాకు కాదు.

బోర్డు మార్చి రోడ్డును వదిలేస్తే ఏమవుతుందో బ్రిటన్‌లోని వేల్స్ చూపించింది. 2023 సెప్టెంబరులో జనావాస రోడ్ల మీద సాధారణ పరిమితిని గంటకు 30 మైళ్ల నుంచి 20కి దించారు. 30 లక్షల పైచిలుకు జనాభా ఉన్న చోట దానికి వ్యతిరేకంగా 4 లక్షల 60 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. గాయపడేవాళ్ల సంఖ్య దాదాపు నాలుగో వంతు తగ్గిందని తర్వాతి లెక్కలు చెప్పాయి. అయినా కోపం చల్లారలేదు, ప్రభుత్వం కొన్ని రోడ్లలో వెనక్కి తగ్గింది. నాకు ఆ కోపం అర్థమవుతుంది. రోడ్డు పాతదే, పొమ్మంటూనే ఉంది. కొత్త బోర్డు ఆగమంటోంది. రోజూ ఆ రెండింటి మధ్య నలిగేవాడు సంతకం పెట్టక ఏం చేస్తాడు? ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి దశాబ్దాల పాటు పరిమితులతో పాటు వీధుల రూపాన్నీ మార్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు అక్కడ సగానికి పైగా వీధుల్లో గంటకు 30 కిలోమీటర్ల పరిమితి. 2025 జూలై నాటికి ఏడాదిపాటు ఆ నగరంలో ఒక్క రోడ్డు మరణం కూడా లేదు.

ఇక చప్పట్లు కొట్టించిన ఆ వెడల్పు సంగతి. అమెరికాలోని హూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేని దాదాపు 280 కోట్ల డాలర్లు పోసి 2008 నాటికి విస్తరించారు. పక్క రోడ్లు కలుపుకుంటే కొన్నిచోట్ల 26 లేన్లు. కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణం మళ్లీ ఎప్పటిలాగే సాగదీసింది. 2011లో ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలన్నీ తీసి తేల్చింది కూడా ఇదే: రోడ్లు ఎంత శాతం పెరిగితే వాటి మీద వాహనాల తిరుగుడూ దాదాపు అంతే శాతం పెరుగుతుంది. దక్షిణ కొరియా రాజధాని సియోల్ దీన్ని తిరగేసి చూసింది. రోజుకు లక్షన్నరకు పైగా వాహనాలు మోసే ఎత్తు రోడ్డును 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005లో దాని కింద పూడ్చిన వాగును బయటికి తెచ్చింది. ట్రాఫిక్ కుప్పకూలుతుందన్న జోస్యం ఫలించలేదు. కూల్చిన మేయర్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు.

ఇన్ని రుజువులున్నా వెడల్పే ఎందుకు గెలుస్తుంది? నన్ను ఏళ్లుగా వేధిస్తున్న ప్రశ్న ఇది, జవాబు ప్రాజెక్టు నివేదికల్లో ఉంది. రోడ్డు ప్రాజెక్టుకు చూపించే లాభంలో పెద్ద వాటా ‘ఆదా అయ్యే సమయం’. వెయ్యి కార్లకు తలా అర నిమిషం మిగిలితే 500 నిమిషాలు, దానికి నిమిషానికి ఇంతని వెల కట్టి, ఇరవై ఏళ్లకు గుణించి కోట్లు చూపిస్తారు. అర నిమిషంతో ఎవరూ ఏమీ చేసుకోలేరు, సిగ్నల్ దగ్గర ఫోన్ చూసుకోవడం తప్ప. అయినా అది లెక్కలోకి వస్తుంది. ఆ అర నిమిషం కోసం, దాటడానికి రోడ్డు పక్కన నిలబడినవాళ్లు పోగొట్టుకునే నిమిషాలకు మాత్రం చాలా నివేదికల్లో గడి కూడా ఉండదు.

నడిచేవాళ్ల సమయానికి లెక్క కట్టిన ఒక్క చోటు సిగ్నల్, అక్కడా కాళ్లు ఎవరివో చూడండి. బ్రిటన్‌లో దాటేవాళ్లు సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారని అనుకుని సమయం పెట్టేవారు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవాళ్ల నడక మీద 2012లో వెలువడిన అధ్యయనంలో సగటున మగవాళ్లు 0.9, ఆడవాళ్లు 0.8 మీటర్లు నడుస్తున్నారని తేలింది. 14 మీటర్ల రోడ్డుకు 1.2 లెక్కన ఇచ్చేది 12 సెకన్ల లోపు. 0.8తో నడిచే పెద్దావిడకు కావాల్సింది పదిహేడున్నర. ఆమె మూడింట రెండు వంతులు దాటేసరికి ఆవిడ వంతు అయిపోతుంది. ఇంకా దాదాపు అయిదు మీటర్లుంటుంది, ఎడమవైపు ఇంజన్లు రొద పెడుతుంటాయి. ఆమె ఒకటి రెండుసార్లు అలా ఇరుక్కున్నాక ఆ రోడ్డు దాటడమే మానేస్తుంది. దాటేవాళ్లు తగ్గారు కాబట్టి ఇక్కడ క్రాసింగ్ అక్కర్లేదని మరుసటి ఏడాది సర్వే రాస్తుంది.

వెడల్పు తీర్మానం మళ్లీ వస్తుంది. 14 మీటర్లను 21 చేస్తామంటారు. అప్పుడు ఆ పెద్దావిడకు 26 సెకన్లు కావాలి. ఆ 26 సెకన్లు నివేదికలో ఏ పేజీలో ఉన్నాయని చేయెత్తే ముందు ఒక్క సభ్యుడైనా అడగాలి. నేను తిరగేసిన నివేదికల్లో ఆ పేజీ లేదు.