సవరణ: డ్రెయిన్ నీళ్లు, చేపల చెరువుల గురించి రాసిన దాంట్లో రెండు తప్పులు

వరిచేల నుంచి వచ్చే డ్రెయిన్ నీళ్లు కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల్ని ఏం చేస్తాయో మొన్న రాశాను. అందులో "లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా ఉంటే చేపలు చస్తాయి" అన్నాను. అది తప్పు.

నీళ్లు పరీక్షించే కిట్‌లో కనిపించేది మొత్తం అమ్మోనియా. చేపను చంపేది అందులో ఒక భాగమే. అది ఎంతన్నది పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), నీళ్ల వేడి మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే విషభాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే పీహెచ్ 9 అయితే దాదాపు 45 వంతులు! అంటే ఆ 1 మిల్లీగ్రామే ఒక చెరువులో ఏమీ చేయదు, పక్క చెరువులో బొచ్చెల్ని, శీలావతుల్ని ముంచేస్తుంది.

యూరియా వేశాక వదిలిన నీళ్లతో అసలు చిక్కు ఇక్కడే. ఆ నత్రజనికి నాచు పెరిగి నీళ్లు పచ్చబడతాయి. నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ లాగేసుకోవడంతో మధ్యాహ్నానికి పీహెచ్ ఎక్కుతుంది. తెల్లవారుజామున మాత్రం ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలతాయి. కాబట్టి అమ్మోనియా, పీహెచ్ మధ్యాహ్నం కలిపి చూడాలి, ఆక్సిజన్ తెల్లారకముందు. నేను పొద్దున్నే అన్నీ చూసేయమన్నాను, బద్ధకస్తుల సలహా అది.

రెండోది, ఉప్పుటేరు కొల్లేటికి నీళ్లు తెస్తుందని రాశాను. తెచ్చేవి బుడమేరు, తమ్మిలేరు లాంటివి. ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. ఆకివీడు మిత్రుడొకరు ఫోన్ చేసి మరీ నవ్వారు.

పురుగుమందుల గురించి రాసింది మార్చడం లేదు. సైపర్‌మెత్రిన్ కొట్టిన చేను నీళ్లు చెరువులోకి రానీయకండి.