కొలవడం ఆపితే భూమి ఆగుతుందా?

భూకంపం వచ్చిన మర్నాడు, శాటిలైట్ సంకేతాలతో నేల కదలికను పట్టే జీపీఎస్ కొలతలు అందరికీ కావాలి. ఏ ఊరు ఎటు జరిగింది, ఎంత కుంగింది అని పాలకులే మైకుల ముందు చదివి వినిపిస్తారు. ఏ కుదుపూ లేకుండా పదేళ్లు గడిచాయా, అవే కొలతలు దండగ ఖర్చయిపోతాయి. పొదుపు అనగానే జీపీఎస్ స్టేషన్ల నిర్వహణ మీదే కత్తెర పడుతుంది. ఈ రెండు నాల్కల ధోరణే మాకు ఒళ్లు మండిస్తోంది.

ఇది ఫోన్‌లో దారి చూపే జీపీఎస్ సంగతి కాదు, అది నాలుగైదు మీటర్లు తప్పు చూపినా ఎవరి కొంపా మునగదు. రాతిలోకి బిగించిన యాంటెన్నా ఏళ్ల తరబడి కదలకుండా సంకేతాలు అందుకుంటే నేల మిల్లీమీటర్లలో జరిగినా పట్టుబడుతుంది. హిమాలయాల కింద నేల ఏటా దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున నొక్కుకుపోతోందనీ, భ్రంశం (భూమి లోపలి రాతి పొరల్లోని చీలిక) ఎక్కడ బిగుసుకుని ఆ ఒత్తిడిని దాచుకుంటోందనీ తేలింది ఇలాగే. 2015లో నేపాల్‌లో అందులో ఒక ముక్క జారితేనే దాదాపు 9 వేల ప్రాణాలు పోయాయి. దానికి పశ్చిమాన ఉన్న భాగం ఇంకా బిగుసుకునే ఉంది.

2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన భూకంపం తీవ్రతను మొదట 7.9 అన్నారు, అసలు 9.0. దాంతో సునామీ హెచ్చరికలోనూ అలల ఎత్తు తక్కువగానే చెప్పారు. ఒషికా ద్వీపకల్పంలోని జీపీఎస్ స్టేషన్ 5 మీటర్లకు పైగా తూర్పుకు జరిగింది, మీటరుకు పైగా కుంగింది. అంత పెద్ద భూకంపం సైజును కంపనాలను బట్టి వెంటనే తేల్చడం కష్టం, నేల ఎంత జరిగిందో నేరుగా చూస్తే తెలిసిపోతుంది. ఆ దెబ్బ తిన్నాకే జపాన్ తన 1,300 స్టేషన్ల సమాచారంతో అప్పటికప్పుడు లెక్క తేల్చే ఏర్పాటు చేసుకుంది.

జీపీఎస్‌తో భూకంపం తేదీ ముందే తెలియదు కదా అంటారు. నిజమే, తెలియదు. ఎక్కడ గట్టి ఇళ్లు కట్టాలో, ఏ ఆస్పత్రిని ముందు బలపరచాలో తెలుస్తుంది, అది చాలదా?

భ్రంశం వందల ఏళ్లు ఒత్తిడి పోగేసుకుంటుంది. కొలవకుండా వదిలేసిన ఏడాదిని తర్వాత ఎన్ని కోట్లు పోసినా తిరిగి కొలవలేం. ఈ ఏడు ఒక స్టేషన్ మూస్తే వచ్చే ఏడు పక్కదాన్ని మూయడానికి అదే సాకు, విపత్తు రాగానే మాత్రం మళ్లీ ఆ కొలతలే కావాలి! రేపు కుంగిన నేల మ్యాప్ పట్టుకుని కెమెరాల ముందుకొచ్చే పెద్దలు, ఆ స్టేషన్‌కి బ్యాటరీ మార్చే డబ్బు ఎందుకు ఆపారో ముందు చెప్పి ఆ తర్వాత సంతాపం ప్రకటించాలి.