సవరణ: ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు

స్కాన్‌ల మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో "సీటీ, ఎమ్మారై రెండింటిలోనూ రేడియేషన్ తగులుతుంది" అని ఉంది. అది ఎక్స్‌రేలతో పనిచేసే సీటీకే వర్తిస్తుంది. ఎమ్మారై పనిచేసేది బలమైన అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలతో. అల్ట్రాసౌండ్‌లోనైతే శబ్ద తరంగాలే.

సీటీ అనగానే భయపడేవాళ్ల కోసం ఇంకో మాట. ఛాతీ ఎక్స్‌రేకి సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), ఛాతీ సీటీకి 6 దాకా పడుతుంది. ప్రకృతి నుంచే మనకు ఏడాదికి సగటున 2.4 అందుతుంది. తలకు గట్టి దెబ్బ తగిలి డాక్టర్ సీటీ రాస్తే, రేడియేషన్ టెన్షన్‌తో వాయిదా వేయడం తెలివి తక్కువ పని. మెదడులో రక్తస్రావం ఉంటే నిమిషాల్లో తెలిసిపోతుంది, ఆపరేషన్ కావాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఎమ్మారైకి వేరే జాగ్రత్త: ఒంట్లో పేస్‌మేకర్, లోహపు క్లిప్పు ఉంటే ముందే చెప్పాలి.